గాజులు తాకట్టు పెట్టే ముందు కిలో పచ్చడి లెక్క తేల్చుకోండి

ప్రశ్న: మాది కావలి. ఇంట్లో గోంగూర, మాగాయ పెట్టి తెలిసినవాళ్లకు నెలకు 25 కిలోల దాకా అమ్ముతున్నాను. కిలో 450 రూపాయలు. సరుకులకు 290 పోను 160 మిగులుతోంది. వెబ్‌సైట్ పెట్టి చెన్నై, హైదరాబాద్‌లకు పంపాలని ఆశ. గాజులు తాకట్టు పెట్టి లక్షన్నర తెచ్చుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీ చేతి పచ్చడి మీద నాకు అనుమానం లేదు. నా అనుమానమంతా ఆ 160 రూపాయల మీదే.

గుమ్మం దగ్గర అమ్మితే కొనేవాళ్లే డబ్బా తెచ్చుకుంటారు. పార్సిల్ పంపాలంటే సీసా, అట్టపెట్టెకు కిలోకు 40 వేసుకోండి. గ్యాసు, కరెంటుకు 20. ఆకు వలిచి, ముక్కలు కోసే మనిషికి రోజుకు 400 ఇస్తే, పది కిలోలకు పంచితే కిలోకు 40. మనిషిని పెట్టుకోకపోయినా ఆ 40 రాయాల్సిందే, మీ రెక్కల కష్టం ఊరికే వచ్చింది కాదు. ఇరవై పార్సిళ్లలో ఒక్క సీసా పగిలినా కిలోకు మరో 20 పోయినట్టే. ఇక మిగిలింది 40.

లక్షన్నరకు నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 1,500. ఆ వడ్డీ కట్టడానికే 38 కిలోలు అమ్మాలి. మీరు అమ్ముతున్నది 25.

ముందు ధర 520 చేయండి. కొరియర్ ఖర్చు కొనేవాళ్లదే అని చెప్పండి. సీసా, పెట్టెతో కలిపి తూచాకే ఛార్జీ చెప్పండి, కిలో పచ్చడి పార్సిల్ కిలోలో ఆగదు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోవడం ఉచితం, మొదలుపెట్టడానికి అది చాలు. డబ్బు ముందుగానే యూపీఐలో, వేరే ఖాతాలోకి రావాలి. క్యాష్ ఆన్ డెలివరీ వద్దు, తిరిగొచ్చిన పచ్చడిని మళ్లీ అమ్మలేం.

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు. దాని 14 అంకెల నంబరు లేబుల్ మీద వేయాలి.

చాలామంది పొరబడేది జీఎస్‌టీ దగ్గర. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది నిజమే. కానీ అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే. రైలెక్కితే చెన్నై మనకు దగ్గరే గానీ, అక్కడికి అమ్మే మొదటి కిలోకే జీఎస్‌టీ నంబరు కావాలి. హైదరాబాద్‌కూ అంతే. అందుకే మూడు నెలలు నెల్లూరు, ఒంగోలు, విజయవాడలకే పంపండి.

ఆర్డర్లు పెరిగి పెద్ద గ్రైండర్ అవసరమైతే బ్యాంకులో ముద్ర పథకం కింద ‘శిశు’ అనే చిన్న వ్యాపార రుణం అడగండి. 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ప్రతి పార్సిల్ ఖర్చూ ఒక నోటుబుక్కులో రాసి, మూడో నెల చివర ఆ లెక్క నాకు పంపండి. వెబ్‌సైట్ సంగతి అప్పుడు కలిసి చూద్దాం.