భాష ఒకటే కదా అని పంపాం.. అమ్మాయి దిగులు పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి 19 ఏళ్లు, ఇక్కడే పుట్టి పెరిగింది. మూడేళ్ల డిగ్రీ కోసం సెప్టెంబరులో లండన్ వెళ్లింది. అక్కడా ఇంగ్లిషే కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాం. మొదటి నెల హుషారుగానే ఉంది. ఇప్పుడు రోజూ నేను ఆఫీసు నుంచి రాగానే ఫోన్ చేసి ఏడుస్తోంది. ఎవరూ కలుపుకోవడం లేదంటుంది. మొన్న ఒక వ్యాసానికి 62 మార్కులు వచ్చాయని బాగా కుంగిపోయింది. నిద్ర పట్టట్లేదు, మెలటోనిన్ గమ్మీలు పంపమంటోంది. పంపొచ్చా? లేక వెనక్కి పిలిపించేయాలా?
- ఒక తల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మాయికి జబ్బు ఉందని ఇప్పుడే అనలేం. కొత్త దేశానికి వెళ్లిన కొన్ని వారాలకు చాలామంది ఇలా దిగాలు పడతారు. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లోనే దీన్ని కల్చర్ షాక్ పేరుతో వివరించారు. మొదట అన్నీ ముచ్చటగా ఉంటాయి, తర్వాత ప్రతిదీ చికాకు పెడుతుంది, ఆపైన మెల్లగా అలవాటవుతుంది. అందరికీ ఇదే వరసలో జరగాలని లేదు.

భాష ఒకటే అయిన దేశానికి వెళ్లేవాళ్లకు మాత్రం ఇంకో చిక్కు ఉంది. భాష రాని చోట తడబడితే 'కొత్త కదా' అని సర్దుకుంటాం. భాష వచ్చిన చోట తడబడితే లోపం మనలోనే ఉందనిపిస్తుంది. మీ అమ్మాయిని ఎక్కువగా బాధపెడుతున్నది ఇదేనని నాకనిపిస్తోంది. 62 మార్కుల సంగతే చూడండి. అమెరికాలో అది డి గ్రేడు. బ్రిటన్ యూనివర్సిటీల్లో 70, ఆపైన వస్తే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 వరకు అప్పర్ సెకండ్. అంటే ఆమెకు మంచి మార్కులే వచ్చాయి! ఈ మాట ఇవాళే చెప్పండి.

స్నేహాలకు కాస్త సమయం పడుతుంది. మద్యం కొనే వయసు అక్కడ 18 ఏళ్లే కాబట్టి విద్యార్థుల పరిచయాలు చాలావరకు పబ్బుల్లో మొదలవుతాయి. అది నచ్చని పిల్లలు గదిలోనే ఉండిపోతారు. యూనివర్సిటీలో డ్యాన్స్, ఆటలు, సంగీతం లాంటి సొసైటీలు ఉంటాయి. వాటిలో ఒక్కటి ఎంచుకుని ప్రతి వారం తప్పకుండా వెళ్లమనండి. పది చోట్లకు ఒక్కోసారి వెళ్లడం కన్నా, అవే ముఖాలను మళ్లీ మళ్లీ చూడటం వల్లే చనువు పెరుగుతుంది.

ఇక నిద్ర. ఏమీ అనుకోకండి, నా అనుమానం మీ ఫోన్ల వేళల మీదే. న్యూజెర్సీకీ లండన్‌కీ 5 గంటల తేడా. మీరు ఇంటికొచ్చి 8 గంటలకు మాట్లాడుతున్నారంటే అక్కడ రాత్రి ఒంటిగంట. ఏడ్చి పడుకున్న పిల్లకు ఎప్పటికి నిద్ర పట్టాలి? ఎప్పటికి లేవాలి? డిసెంబరులో లండన్‌లో సాయంత్రం 4 గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఆలస్యంగా లేచేవాళ్లకు పగలంటూ మిగలదు. మన మెదడులోని గడియారాన్ని సరిచేసేది ఉదయపు వెలుతురే. అది అందకపోతే నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది, మూడ్ కూడా దిగజారుతుంది.

అందుకే ఫోన్ వేళ మార్చండి. మీ లంచ్ టైమ్ ఒంటిగంటకు మాట్లాడితే అక్కడ సాయంత్రం 6 అవుతుంది. ఆమెను రోజూ ఒకే వేళకు లేచి, మబ్బుగా ఉన్నా సరే, ఉదయం అరగంట బయట నడవమనండి. శరదృతువు, చలికాలాల్లో రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం గురించి ఆలోచించమని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది, అది వాడొచ్చు.

మెలటోనిన్ పంపకండి. అమెరికాలో షాపుల్లో దొరికినా, బ్రిటన్‌లో దానికి డాక్టర్ చీటీ ఉండాలి. ఒకవేళ ఆమె ఏకాగ్రత కోసం అడరాల్ వాడుతుంటే, ఆ మందు బ్రిటన్‌లో దొరకదు, పోస్టులో పంపడమూ కుదరదు. అలాంటిదేమైనా ఉంటే ముందుగా అక్కడి డాక్టర్‌తో మాట్లాడాలి.

జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు నమోదు చేయించుకుందా అని అడగండి. స్టూడెంట్ వీసా మీద వెళ్లి ఉంటే వీసాతో పాటు తీసుకునే వైద్య రుసుం (హెల్త్ సర్‌చార్జ్) కట్టే ఉంటారు, జీపీని కలవడానికి వేరే ఫీజు ఉండదు. బిల్లు ఎంతవుతుందోనన్న భయంతో ఆగాల్సిన పని లేదు. రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, తిండి తగ్గినా, క్లాసులు మానేస్తున్నా జీపీని కలవాలి. ఆమె మేజర్ కాబట్టి, తన అనుమతి లేకుండా డాక్టర్ మీకు వివరాలు చెప్పరు. దానికి నొచ్చుకోవద్దు.

'బతకాలని లేదు' అన్న మాట వినిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా చూడొద్దు. ఆమె అక్కడి నుంచి 111కి ఫోన్ చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్య సిబ్బంది మాట్లాడతారు. ప్రాణాపాయం ఉందనిపిస్తే 999. దిగులులో ఉన్నవాళ్ల మాట వినే సమరిటన్స్ సంస్థ 116 123 నంబరు 24 గంటలూ ఉచితం. ఈ నంబర్లు ఇప్పుడే ఆమె ఫోన్‌లో సేవ్ చేయించండి. ఆ మాట మీరు నేరుగా అడగడానికి కూడా భయపడొద్దు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

వెనక్కి పిలిపించే నిర్ణయం నవంబరులో తీసుకోకండి. ఆ నెలలో వచ్చే అమెరికా పండుగ థాంక్స్‌గివింగ్ రోజున మీరంతా ఒకచోట ఉంటారు, ఆమెకు అది మామూలు క్లాసుల రోజు. ఆ వారం దిగులు పెరగవచ్చు. డిసెంబరు సెలవులకు ఇంటికి రప్పించండి, తిరుగు టికెట్ కూడా ముందే తీయండి. జనవరి చివరికీ పరిస్థితి ఇలాగే ఉంటే, అప్పుడు జీపీతో, యూనివర్సిటీ వెల్‌బీయింగ్ విభాగంతో ఆమే మాట్లాడి, చదువు కొంతకాలం ఆపాలా వద్దా అన్నది తేల్చుకోవచ్చు.