ఒకే సభ, రెండు పత్రికలు

చిరంజీవికి ఆశీస్సులు.

విక్టోరియా రాణి కాలపు లీడ్స్ పత్రికల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ వాక్యం నిలకడగా ఉంది, పడిన శ్రమ ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. అయితే ఐదారు చోట్ల ‘ఈ పత్రిక పక్షపాతంతో రాసింది’ అని తేల్చేసి ముందుకు వెళ్ళిపోయావు. నా అభ్యంతరమంతా ఆ ఒక్క మాట మీదే. మన దగ్గర ఒక పత్రిక ఫలానా పార్టీదంటే అది నిందగా వినిపిస్తుంది గానీ, ఆనాటి ఇంగ్లండు పట్టణాల్లో అది అందరికీ తెలిసిన సంగతి. లీడ్స్ మెర్క్యురీ లిబరల్ పత్రిక అనీ, లీడ్స్ ఇంటెలిజెన్సర్ టోరీ (అంటే కన్సర్వేటివ్) పత్రిక అనీ తెలిసే జనం కొనుక్కునేవారు. వాళ్ళు దాచిపెట్టనిదాన్ని నువ్వు బయటపెట్టినట్టు రాస్తే పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ పక్షం అచ్చులో ఎలా పనిచేసిందో చూపించాలి.

అందుకు ఏదైనా ఒక ఎన్నికల సభను ఎంచుకుని, ఆ వారం వచ్చిన రెండు పత్రికలనూ పక్కపక్కన పరుచుకో. సంపాదకీయాలను తరువాత చదవవచ్చు. అక్కడి తిట్లు ఎవరి కంటికైనా కనబడతాయి. ముందు సభ వార్త చూడు. తమ అభ్యర్థి ప్రసంగాన్ని ‘నేను’ అంటూ అతని నోటి మాటగానే కాలమ్‌ల కొద్దీ అచ్చువేసి, నడుమ బ్రాకెట్లలో ‘హర్షధ్వానాలు’ అని చేరుస్తారు. ఎదుటి అభ్యర్థి వంతు వచ్చేసరికి అది ‘ఆయన పన్నుల గురించి మాట్లాడారు’ అనే ముక్తసరి సారాంశంగా మారిపోతుంది, బ్రాకెట్లలోకి నవ్వులూ కేకలూ వచ్చి చేరతాయి. ఒక్క అబద్ధమైనా అచ్చు కాకుండానే సభ రూపం మారిపోతుంది. స్కేలు పట్టుకుని ఎవరికి ఎన్ని అంగుళాలు దక్కాయో కొలిచి చూడు. ఈ అలవాటు లేని రోజుల్లో నేను ఒకే పత్రికను నమ్మి ఒక సభ గురించి రాశాను. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ఏ సంకలనంలోనూ చేర్చలేదు.

రెండవ విషయం దీనికన్నా ముఖ్యమైనది. లిబరల్ అనగానే పేదల పక్షమనీ, టోరీ అనగానే యజమానుల పక్షమనీ నీ మనసులో ముందే ఒక గీత పడి ఉంది. రిచర్డ్ ఓస్ట్లర్ ఉదంతం చదివితే ఆ గీత నిలవదు. విక్టోరియా గద్దెనెక్కడానికి ఏడేళ్ళ ముందు, 1830 అక్టోబరులో, ఆయన మెర్క్యురీలో ఒక లేఖ ప్రచురించాడు. వలస రాజ్యాల్లోని బానిసత్వాన్ని ఖండిస్తున్న, లీడ్స్ ఉన్న ఈ యార్క్‌షైర్‌లోనే, బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో ఏడేళ్ళ పిల్లలు కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా, అరగంట విరామంతో పనిచేస్తున్నారని అందులో రాశాడు. ఆ రాసినవాడు టోరీ, ఓ పెద్ద ఎస్టేటుకు మేనేజరు. అచ్చువేసినది లిబరల్ పత్రిక. కొన్ని నెలలు గడిచాక, ఆయన మాట మిల్లు యజమానులకు మరీ సూటిగా తగలడం మొదలైనప్పుడు, మెర్క్యురీ ఆయన లేఖను కత్తిరించి ప్రచురించింది. ఆయన లేఖలు ఇంటెలిజెన్సర్‌కు తరలిపోయాయి. బానిసత్వాన్ని నిజాయితీగా ద్వేషించిన పత్రికే పని గంటలను చట్టం నిర్ణయించరాదని వాదించింది. మిల్లు యజమానులు ఎక్కువగా లిబరళ్ళు కావడం వల్ల, పిల్లల పక్షాన నిలవడం టోరీ పత్రికకు మనస్సాక్షి పనే కాక రాజకీయంగా లాభసాటి పని కూడా అయింది. రెంటినీ విడదీయకుండా రాయగలిగితే నీ వ్యాసం బతుకుతుంది.

పత్రిక యజమాని ఎవరో ప్రతిసారీ చెప్పు. 1832లో లీడ్స్ నుంచి గెలిచిన మెకాలే, మన విద్యావిధానం చర్చ వల్ల మనకు బాగా తెలిసినవాడే, 1834లో గవర్నర్ జనరల్ కౌన్సిల్ సభ్యత్వం కోసం ఆ స్థానాన్ని వదిలి భారతదేశానికి బయలుదేరాడు. ఖాళీ అయిన చోట గెలిచినవాడు మెర్క్యురీ యజమాని ఎడ్వర్డ్ బెయిన్స్. ఆయన కొడుకు కూడా తరువాత అదే ఊరి సభ్యుడయ్యాడు. ఇక పన్నుల గురించి నువ్వు నాలుగు పేజీలు రాశావు, అంత అక్కర్లేదు: 1836లో పత్రికల మీది స్టాంపు పన్ను పెన్నీకి తగ్గడం, 1855లో పూర్తిగా తొలగడం, 1861లో కాగితం పన్ను పోవడం చాలు. వాటితో చవక దినపత్రికలు పుట్టాయి, పార్టీల పోటీ వారానికొకసారి కాక రోజూ సాగింది. 1866లో ఇంటెలిజెన్సర్ యార్క్‌షైర్ పోస్ట్ అనే దినపత్రికగా మారినప్పుడు దాని వెనుక కన్సర్వేటివులు పెట్టిన కంపెనీయే ఉంది.

1885 డిసెంబరు 17 నాటి వార్తను నువ్వు ‘మెర్క్యురీ సాధించిన ఘనత’ అన్నావు. లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ ఐర్లండు స్వపరిపాలనకు మొగ్గుతున్నాడన్న ఆ వార్త మెర్క్యురీ సంపాదకుడు వీమ్స్ రీడ్‌కు అందింది గ్లాడ్‌స్టన్ కొడుకు హెర్బర్ట్ నుంచి. అతను లీడ్స్ నుంచే పార్లమెంటుకు వెళ్ళినవాడు. అదే ఉదయం లండన్‌లోని కన్సర్వేటివ్ పత్రిక స్టాండర్డ్‌లోనూ అది వచ్చింది. కాబట్టి ఎవరు ఎవరిని వాడుకున్నారన్నది అడగవలసిన ప్రశ్న. మరుసటి ఏడాది ఈ స్వపరిపాలన మీదే లిబరల్ పార్టీ చీలినప్పుడు మెర్క్యురీ గ్లాడ్‌స్టన్‌తో నిలిచింది, బర్మింగ్‌హామ్ డైలీ పోస్ట్ దాన్ని వ్యతిరేకించిన ఛాంబర్లేన్ వెంట నడిచింది. మాంచెస్టర్ ఎగ్జామినర్ స్వపరిపాలనను వ్యతిరేకించేసరికి దాని పాఠకులు అదే ఊరి గార్డియన్ వైపు తరలిపోయారు. పత్రిక పాఠకుణ్ణి నడిపినంతగా పాఠకుడూ పత్రికను నడిపాడు. నీ వ్యాసంలో పాఠకుడు ఎక్కడా కనిపించడు.

మూడవ భాగంలో మిల్లుల్లో పని గంటలకు హద్దు పెట్టిన 1847 నాటి పది గంటల చట్టం మీద మెర్క్యురీని ఒక్కదాన్నే ఉటంకించావు. అదే వారపు ఇంటెలిజెన్సర్‌ను, లీడ్స్‌లో పుట్టి అప్పటికి లండన్‌కు మారిన, కార్మికులకు ఓటుహక్కు కోరిన ఛార్టిస్టుల పత్రిక నార్తర్న్ స్టార్‌ను కూడా తెరిచి చూసి, ఆ భాగాన్ని మళ్ళీ రాసి పంపు. మిగతాది దాని తరువాత మాట్లాడుకుందాం.