కథ రాయడానికి ఊహ చాలదా, పరిశోధన ఎందుకు?

చాలదు. మీ కథానాయకుడు 1995లో విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఎక్కాడని రాస్తే, ఇక్కడి పాఠకుడు పెదవి విరుస్తాడు. అది నౌకాదళ సేవ నుంచి తప్పుకున్నది 2001లో, ఒడ్డున ప్రదర్శనశాల అయింది 2002లో. తేదీ ఒక్కటే సరిపోదు సుమా! టికెట్ కొని లోపలికి వెళ్లండి. గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరి, నావికుల ఇరుకు పడకలు చూస్తే పాత్ర ఎలా కదలాలో తెలుస్తుంది.

విజ్ఞానశాస్త్రం సంగతి చెప్పనక్కర్లేదు, దానికి పరిశోధనే ప్రాణం. దాని ఫలం రోజువారీ బతుకుల్లోకీ వస్తుంది: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాలు పంపే సముద్రపు ఉష్ణోగ్రత, నీటిలోని సూక్ష్మ మొక్కల పత్రహరితం వివరాలు చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లు చెబుతుంది. మన చేపల రేవు మరపడవలకు గాలింపు తగ్గితే ఆ మేరకు డీజిల్ మిగిలినట్టే.