ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, మళ్లీ సీటీ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. ఆరు నెలలుగా నడుము నొప్పితో బాధపడుతున్నారు. ఎక్స్‌రే తీసి, వయసుతో వచ్చిన అరుగుదలే అన్నారు. నొప్పి మాత్రలు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. నీరసం ఎక్కువ కావడంతో రక్తపరీక్షలు చేయించాం. హిమోగ్లోబిన్ 8.4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9, కాల్షియం 11.2 వచ్చాయి. ఎముక మజ్జ పరీక్షలో ప్లాస్మా కణాలు 35 శాతం ఉన్నాయని, ఇది మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ అని చెప్పారు. ఇప్పుడు ఒళ్లంతా లో-డోస్ సీటీ స్కాన్ తీయాలంటున్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేనప్పుడు ఇదెందుకు? రేడియేషన్ ప్రమాదం కాదా? స్కాన్ ఇంజెక్షన్‌తో కిడ్నీలు పాడవుతాయని భయంగా ఉంది. ఫోటాన్ కౌంటింగ్ సీటీ అనే కొత్త యంత్రం వచ్చిందట, దాని కోసం ఆగమంటారా? నాన్నగారు ఇప్పటికీ మోపెడ్ మీద పొలానికి వెళ్లి వస్తున్నారు.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: స్కాన్ సంగతికి ముందు మాత్రల సంగతి. కాల్షియం మాత్రలు ఇంకా వేసుకుంటుంటే ఈ రోజే ఆపించండి. ఈ జబ్బులో ఎముక కరిగి, అందులోని కాల్షియం రక్తంలోకి చేరుతుంది. 11.2 అంటే అది ఇప్పటికే హద్దు దాటింది. ఎముకలు బలహీనపడ్డాయి కదా అని పైనుంచి ఇంకా కాల్షియం ఇస్తే కిడ్నీల మీద భారం పెరుగుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలూ వద్దు. మైలోమా రోగుల కిడ్నీలను ఇవి మరింత దెబ్బతీస్తాయి. బదులుగా ఏది వాడవచ్చో మీ డాక్టరునే అడగండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు.

ఇక ఎక్స్‌రే. వెన్నుపూస లోపలి జల్లెడ లాంటి ఎముకలో 30 నుంచి 50 శాతం దాకా కరిగిపోతే గానీ సాధారణ ఎక్స్‌రేలో తేడా కనిపించదు. పైగా నడుము భాగంలో పేగుల్లోని గాలి, ఒకదాని మీద ఒకటి పడే నీడలు అడ్డొస్తాయి. కాబట్టి ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన ఎముకలు బాగున్నట్టు కాదు. ఆరు నెలల కిందట అరుగుదల అన్న డాక్టరును తప్పుపట్టడానికీ లేదు. అరవై దాటిన ఎవరికి ఎక్స్‌రే తీసినా ఎంతో కొంత అరుగుదల కనిపిస్తూనే ఉంటుంది.

ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు మన ఒంట్లో ఎప్పుడూ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. మైలోమా కణాలు మొదటివాటిని రెచ్చగొట్టి, రెండోవాటిని అణచిపెడతాయి. అందుకే కొందరు సూచించే పాత పద్ధతి ‘బోన్ స్కాన్’ ఈ జబ్బుకు పనికిరాదు. కొత్త ఎముక తయారయ్యే చోటే ఆ స్కాన్‌లో గుర్తు పడుతుంది. మైలోమాలో ఆ తయారీయే ఉండదు.

లో-డోస్ సీటీలో పుర్రె నుంచి మోకాళ్ల దాకా సన్నని పొరలు పొరలుగా చిత్రాలు వస్తాయి. బల్ల మీద పడుకోవడమే, కొద్ది నిమిషాల పని. దీనికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అవసరం లేదు కాబట్టి కిడ్నీల గురించి ఆ భయం పెట్టుకోకండి. రేడియేషన్ సుమారు 3 నుంచి 5 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి మనకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతుంది. 63 ఏళ్ల మనిషికి, అదీ ఈ జబ్బు ఉన్నవారికి, ఈ మోతాదును చూసి వెనకాడడం నా దృష్టిలో అర్థం లేని పని. అంతర్జాతీయ మైలోమా వర్కింగ్ గ్రూప్ 2019లో ఇచ్చిన సిఫార్సుల్లో కూడా ఒళ్లంతా ఎక్స్‌రేలు తీసే పాత పద్ధతి బదులు మొదట ఈ సీటీనే తీయమంది.

రేడియాలజిస్టు ఇందులో చూసేది వెన్నుపూసల్లోని రంధ్రాలను మాత్రమే కాదు. పెద్దవయసువారి తొడ ఎముక లోపలి మజ్జలో ఎక్కువగా కొవ్వే ఉంటుంది, సీటీలో అది నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపులో బూడిద రంగు మచ్చ ఉంటే అక్కడ మైలోమా కణాలు చేరాయని అనుమానించాలి. ఎముక బయటి గోడ ఇంకా చెక్కుచెదరకపోయినా సరే. ఆ గోడ లోపలి నుంచి ఎంత పలచబడిందో చూసే, విరిగే ప్రమాదం ఎంతో అంచనా వేస్తారు. మరీ పలచబడితే విరగకముందే ఆర్థోపెడిక్ సర్జన్ రాడ్డు వేయవలసి రావచ్చు. మందులు ఎలాగూ మొదలవుతాయి కదా, స్కాన్ దేనికని మీకు అనిపించవచ్చు. ఇలాంటి నిర్ణయాల కోసమే.

మీరు అడిగిన ఫోటాన్ కౌంటింగ్ సీటీ నిజంగానే మంచి యంత్రం. మామూలు సీటీలో ఎక్స్‌రే కిరణాలు ముందు కాంతిగా మారతాయి, ఆ కాంతి మొత్తాన్ని యంత్రం కొలుస్తుంది. కొత్తదానిలో ఒక్కో ఫోటాన్, అంటే కిరణంలోని ఒక్కో శక్తి రేణువు, నేరుగా విద్యుత్ సంకేతంగా మారుతుంది. ధాన్యాన్ని బస్తాగా తూకం వేయడానికీ, గింజ గింజ లెక్కపెట్టి ఏది ఎంత బరువో చూడడానికీ ఉన్న తేడా అది. అమెరికాలో మందులు, వైద్య యంత్రాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021లో ఇలాంటి మొదటి యంత్రానికి అనుమతి ఇచ్చింది. అక్కడి మేయో క్లినిక్ ఆస్పత్రి వైద్యులు మైలోమా రోగులకు పాత, కొత్త పద్ధతులు రెండింటిలోనూ సీటీ తీసి పోల్చినప్పుడు, ఎముకల్లోని చిన్న రంధ్రాలు కొత్తదానిలో మెరుగ్గా కనిపించాయి.

అయినా మీరు దాని కోసం ఆగవద్దు. 5 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి బయటపడినా వైద్యం మొదలుపెట్టాలా వద్దా అన్నది మారిపోయే రోగులు ఉంటారు. వారికి రక్తహీనత గానీ కిడ్నీ సమస్య గానీ ఉండదు, జబ్బు నిద్రాణంగా ఉంటుంది. అలాంటివారికి ఆ సూక్ష్మత విలువైనది. మీ నాన్నగారికి మజ్జలో 35 శాతం కణాలు, రక్తహీనత, క్రియాటినిన్, కాల్షియం అన్నీ కలిసి విషయాన్ని ఇప్పటికే తేల్చేశాయి. మీ ఊరికి దగ్గరలో ఉన్న మామూలు సీటీలోనే ఈ వారం తీయించండి. తీసే ముందు మాత్రం ‘మైలోమా కోసం, లో-డోస్, ఒళ్లంతా’ అని డాక్టరు చీటీలో రాయించండి. ఉట్టి ‘నడుము సీటీ’ అని రాస్తే తొడ ఎముకలు వదిలేస్తారు. సీడీ జాగ్రత్తగా దాచండి.

వైద్యం తర్వాత మళ్లీ సీటీ తీసినప్పుడు పాత రంధ్రాలు అలాగే కనిపిస్తే మందులు పనిచేయలేదని కంగారు పడకండి. జబ్బు అణిగినా అవి చాలావరకు పూడవు. మందుల ఫలితం చూడడానికి రక్తపరీక్షలు, అవసరమైతే పెట్-సీటీ ఉన్నాయి. వెన్నుపాము మీద ఒత్తిడి ఉందని అనుమానం వస్తే ఎమ్మారై తీయాల్సిందే, దానికి సీటీ చాలదు.

ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ ఇస్తారు. కిడ్నీల పరిస్థితిని బట్టి ఏది, ఎంత అన్నది మీ హెమటాలజిస్టు (రక్త వ్యాధుల వైద్యుడు) నిర్ణయిస్తారు. దానికి ముందే దంత వైద్యుడికి చూపించి, తీయాల్సిన పళ్లు ఉంటే తీయించండి. ఈ మందులు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

నడుముకు మాలిష్, పిల్లల చేత తొక్కించుకోవడం, నాటు కట్లు ఇవేవీ వద్దు. కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకుపోయినా, ఉన్నట్టుండి నొప్పి భరించలేనంతగా పెరిగినా రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. విపరీతమైన దాహం, మలబద్ధకం, మాట తడబడడం, మగత కనిపిస్తే కాల్షియం మరింత పెరిగి ఉండవచ్చు. అదీ అత్యవసరమే.

మోపెడ్ అయితే సీటీ రిపోర్టు చూసేదాకా పూర్తిగా బంద్. గతుకుల దారిలో ఒక్క కుదుపు చాలు, బలహీనపడిన వెన్నుపూస కుంగిపోవడానికి. బస్తాలు ఎత్తడం, వంగి మోటారు లాగడం కూడా వద్దు. అలాగని మంచం మీదే పడుకోబెట్టకండి, కదలకపోతే ఎముక ఇంకా కరుగుతుంది. ఇంట్లో, వాకిట్లో సమతలం మీద నడవనివ్వండి. పొలం పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చో, వెన్నుపూసలు, తొడ ఎముకల రిపోర్టు చూశాక డాక్టరు చెబుతారు.