సందేహాలు – సమాధానాలు: ‘థింగ్’ అంటే వస్తువా, సభా?

సందేహం: ఐస్లాండ్ పార్లమెంటు ‘ఆల్థింగి’, నార్వే పార్లమెంటు ‘స్టోర్టింగ్’ అని చదివాను. వీటిలోని మాటా, ఇంగ్లీషులో వస్తువుకు వాడే ‘థింగ్’ ఒకటేనా? ఒకచోట థ, ఇంకోచోట ట రాయడం సరేనా?

సమాధానం: ఒకటే. పైగా ‘సభ’ అన్నదే పాత అర్థం. జర్మానిక్ తెగల వాళ్లు (ఇంగ్లీషు, జర్మన్, స్కాండినేవియా భాషలకు మూలమైన భాష మాట్లాడినవాళ్లు) నిర్ణీత రోజున ఆరుబయట కూడి తగవులు తీర్చుకునే కూటమి అది. పాత జర్మానిక్ భాష అయిన గోథిక్‌లో దీనికి చుట్టమనదగ్గ ‘థీహ్స్’ అనే మాటకు ‘సమయం’ అని అర్థం. అందుకే ‘అనుకున్న వేళకు కూడటం’ అన్నది మూలభావమని ఎక్కువమంది పండితుల ఊహ. ఐస్లాండ్‌లో ఆల్థింగి 930లో థింగ్‌వెల్లిర్ మైదానంలో మొదలైంది. చట్టాలు ఇంకా రాతకెక్కని ఆ రోజుల్లో, వాటిని కంఠస్థం చేసిన పెద్ద ఒకాయన ఏటా మూడోవంతు చొప్పున మూడేళ్లలో మొత్తం సభకు వినిపించేవాడు.

సభ అనే అర్థం అక్కడికి వచ్చిన తగవుకు పాకింది. తగవు నుంచి వ్యవహారానికి, విషయానికి, చివరికి చేత్తో పట్టుకునే వస్తువుకు వచ్చింది. పాత అర్థం పూర్తిగా చావలేదు. జర్మన్‌లో ‘థింగ్’ రూపం ‘డింగ్’; అక్కడ ‘డింగ్‌ఫెస్ట్ మాఖెన్’ అంటే నేటికీ అరెస్టు చేయడమే. న్యాయసభకు దొరికేలా పట్టి ఉంచడమన్నమాట. బ్రిటన్ ఎన్నికల వార్తల్లో కనిపించే ‘హస్టింగ్స్’ (అభ్యర్థుల ప్రచార సభలు) కూడా స్కాండినేవియా నుంచి వచ్చిన ‘ఇంటి సభ’. లాటిన్‌లోనూ ఇదే దారి: వ్యాజ్యమనే ‘కౌసా’ ఫ్రెంచిలో ‘షోజ్’ అయి, వస్తువుకు పేరైంది.

మన ‘సంగతి’ చూడండి. సంస్కృతంలో అది కలయిక, సాంగత్యం. ‘సత్సంగతి’లో ఆ అర్థమే ఉంది. తెలుగులో ‘అసలు సంగతేమిటి?’ అన్నప్పుడు విషయం. అయితే ‘థింగ్’కూ ‘సంగతి’కీ చుట్టరికం లేదు. సంగతి తగవుల మీదుగా రాలేదు. కలయిక నుంచి పొందికకు, అక్కణ్ణుంచి విషయానికి వచ్చినట్టుంది. అనువాదకులకు మాత్రం ఈ పోలిక బాగా అక్కరకొస్తుంది. ‘ద థింగ్ ఈజ్’ అని ఉంటే ‘సంగతేమిటంటే’ అనాలి. ‘ఫస్ట్ థింగ్ ఇన్ ద మార్నింగ్’కు ‘పొద్దున్న లేవగానే’ చాలు. అక్కడ వస్తువూ లేదు, విషయమూ లేదు.

ఇక రాత విషయం. సంస్కృత ‘త్రయః’లోని త జర్మానిక్‌లో ‘థ్రీ’లో వినిపించే ఊదుడు ధ్వని అయింది. ఇంగ్లీషు, ఐస్లాండిక్ దాన్ని నిలుపుకున్నాయి (‘థ్రీ’, ‘థ్రీర్’). జర్మన్‌లో అది డ అయింది (‘డ్రై’). నార్వే, డెన్మార్క్, స్వీడన్‌లలో ట అయింది (‘ట్రే’). కాబట్టి ఐస్లాండ్ ‘ఆల్థింగి’, జర్మన్ ‘డింగ్’, నార్వే ‘స్టోర్టింగ్’, డెన్మార్క్ ‘ఫోల్కెటింగ్’ అని రాయాలి. మన థ (‘కథ’లోది) ఆ ఊదుడు ధ్వనికి సరిగ్గా సమానం కాదు, కానీ తెలుగులో అలవాటైన రాత అదే. ‘స్టోర్థింగ్’ అని రాస్తే మాత్రం తప్పు. అది పాత డేనిష్ వర్ణక్రమంలోని ‘టిహెచ్’ని చూసి పలికే పలుకు, ఆ హెచ్‌ను నార్వేజియన్లు పలకరు.