ముందు ఆ తడి తువ్వాలు తీసెయ్

అమ్మడూ,

బేస్‌మెంట్‌లో టెంటు కట్టి, అందులో లైటు కింద కరివేపాకు పెంచుతున్నానని, ఆ లైటు వేడి ఎలా తగ్గించాలని అడిగావు. కానీ నువ్వు పంపిన ఫొటోలో మొక్క కంటే ముందు నా కంట పడింది లైటు మీద ఆరేసిన తడి తువ్వాలు. లేచి వెళ్ళి లైటు ఆపి అది తీసెయ్. మిగతాది తర్వాత చదువుదువు గాని.

తీశావా? నువ్వు పాతది కొన్న ఆ 400 వాట్ల సోడియం బల్బు వెలుగుతున్నప్పుడు గాజు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఒక్క నీటి బొట్టు పడినా పగిలిపోవచ్చు. కింద మొక్క, పక్కన కరెంటు.

నిన్ను తిడుతున్నానని కాదు, నేనూ తక్కువేం తినలేదు. మిషిగన్ వచ్చిన కొత్తలో అట్టపెట్టెని గొట్టంలా చుట్టి, టేపు వేసి, లైటు వేడిని కిటికీలోకి పంపించాను. గొప్పగా పని చేసింది, రెండు రోజులు. మూడో రోజు కమురు వాసన. తీసి చూస్తే అట్ట లోపలంతా అప్పడంలా మాడి ఉంది. ఇప్పటికీ బేస్‌మెంట్‌లో ఏ వాసన వచ్చినా మీ అత్తయ్య నన్నే పిలుస్తుంది. గొట్టం కావాలంటే బట్టల డ్రయ్యర్ వెనక పెట్టే అల్యూమినియం గొట్టం తెచ్చుకో. ప్లాస్టిక్‌ది వద్దు.

400 వాట్ల లైటంటే గదిలో 400 వాట్ల హీటరు పెట్టినట్టే. వెలుగు కూడా ఆకులకీ గోడలకీ తగిలి చివరికి వేడే అవుతుంది. ఫ్యాను ఆ వేడిని చల్లార్చదు, అక్కణ్ణుంచి తరిమేస్తుంది, అంతే. కాబట్టి అది పోవడానికి దారి ఉండాలి. టెంటు జిప్పు పైన కాస్త, కింద కాస్త తెరువు. కింది నుంచి బేస్‌మెంట్ చల్లగాలి వస్తుంది, పై నుంచి వేడిగాలి పోతుంది. క్లిప్ ఫ్యానుని బల్బుకీ మొక్క కొసకీ మధ్య నుంచి అడ్డంగా గాలి వీచేలా పెట్టు. క్లిప్పుని నమ్మకు, కడ్డీకి తీగతో కూడా కట్టు. లైటుతో పాటు వచ్చిన బరువైన పెట్టె ఉందే, బల్లాస్ట్ (బల్బుకి వెళ్ళే కరెంటుని అదుపు చేసేది), అది టెంటు బయట ఇటుకల మీద ఉండాలి, కార్పెట్ మీద కాదు. దాని వేడి కూడా తక్కువేం కాదు.

మొక్క పై ఆకు ఎత్తులో అరచెయ్యి పెట్టి అర నిమిషం ఉంచు. నీకు చుర్రుమంటే ఆకుకీ చుర్రుమంటుంది, లైటు ఇంకా పైకి లాగు.

పాత కంప్యూటర్ ఫ్యాను వాడనా అని అడిగావు. వాడుకో. 12 వోల్టులదే కదా, పాత 12 వోల్టుల డీసీ అడాప్టర్ చాలు. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు ఫ్యాను మీద ఉన్న దానికంటే ఎక్కువ ఉండాలి. ఎర్ర తీగ ప్లస్, నల్లది మైనస్. అతుకులకి టేపు చుట్టు. నీ ప్రయోగాలన్నీ ఆ 12 వోల్టుల దగ్గరే. గోడ నుంచి వచ్చే వైరు మాత్రం కొయ్యొద్దు. ఐసు బాటిళ్ళు కూడా వద్దు, వాటి చెమ్మ కారి ప్లగ్గులోకి పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ఫ్యానైనా ఒక రోజు ఆగుతుంది, అదీ నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడే. అందుకని లైటుని థర్మోస్టాట్ ప్లగ్గు ద్వారా పెట్టు. దాని సెన్సారుని ఆకుల ఎత్తులో, నేరుగా వెలుగు పడని చోట వేలాడదీసి, 90 ఫారన్‌హీట్ దాటితే లైటు ఆరిపోయేలా పెట్టుకో. ఆరిన సోడియం బల్బు చల్లారితే గాని మళ్ళీ వెలగదు, కంగారు పడకు. పదే పదే ఆరుతుంటే గాలి చాలట్లేదన్నమాట. ఫ్యాను ఆ ప్లగ్గులో పెట్టకు, లైటు ఆగాక కూడా అది తిరుగుతూ ఉండాలి. మొదటి వారం మాత్రం నువ్వు ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడే లైటు వెయ్యి. పైన పొగ అలారం ఉందో లేదో చూడు, బటన్ నొక్కి మోగించు.

నన్నడిగితే ఒక్క కుండీకి అంత లైటెందుకు? నిజంగా 100 వాట్లు లాగే ఎల్‌ఈడీ చాలు. పెట్టె మీద 1000 అని రాసి ఉన్నా నమ్మక, ఎంత కరెంటు లాగుతుందో చూసి కొను.

శనివారం వీడియో కాల్ చెయ్యి. మొక్క తర్వాత, ముందు ప్లగ్గులు చూపించు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో రూమ్ హీటరు కూడా పెట్టావని నా అనుమానం.

మావయ్య