బియ్యం మూట వెంట నడువు

తమ్ముడూ,

మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మీద నువ్వు రాసిన నవల కట్ట అందింది. మొదటి రాత్రి సగం చదివాను, ఆపబుద్ధి కాలేదు. రెండో రాత్రి మిగతా సగం పూర్తిచేశాను, పూర్తి చెయ్యాలి కదా అని. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం. మెచ్చుకోలు ఒకటి రెండు ముక్కలు ముందే చెప్పేస్తాను. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించినప్పటి ఘట్టం బాగా రాశావు. కూలి సరిగా ఇవ్వకుండా కొండవాళ్ళ చేత రాళ్ళు కొట్టించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌ని రాక్షసుడిగా చూపించకుండా, లెక్కల పుస్తకం ముందేసుకున్న మామూలు ఉద్యోగిగా చూపించావు. అందుకే వాడంటే ఇంకా భయం వేసింది. అడవి చట్టం వచ్చాక పోడు ఎలా నేరమైపోయిందో ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక ముసలాడి గొడ్డలి కథగా చెప్పావు. ఆ చెయ్యి నీకుంది.

రెండో భాగంలోకి మలబారు పోలీసులు దిగారు, ఆ వెనక అస్సాం రైఫిల్స్ వచ్చారు. అప్పటి నుంచి నీ కొండ మీద మనుషులు మాయమయ్యారు. తుపాకులు మాత్రం మిగిలాయి.

నిన్ను తప్పుపట్టే హక్కు నాకు పెద్దగా లేదులే. నా మొదటి కథ కూడా ఇలాగే ఏడిసింది. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజనుల పోరాటం గురించి రాశాను. పదకొండు పేజీల కథలో తొమ్మిది పేజీలు కాల్పులే. గొప్పగా వచ్చిందనుకుని, అక్కడి ఒక ఊళ్ళోనే చుట్టూ కూర్చున్న వాళ్ళకి చదివి వినిపించాను. అంతా విన్న ఒక పెద్దాయన, "తుపాకులు ఎంతసేపు పేలాయి బాబూ?" అన్నాడు. పావుగంట అన్నాను. "మరి పోలీసోళ్ళు మా ఊళ్ళో ఎన్నాళ్ళున్నారో రాయలేదేం?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఇంటికొచ్చి ఆ కథ చింపేశాను. చింపిన మాట నిజమే గానీ, ఆ ప్రశ్నకి జవాబు రాయడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

నీ నవలకే ఆ లెక్క వేసి చూడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరులో రామరాజుని కాల్చారు. ఇరవై నెలల పైచిలుకు. అందులో నిజంగా ఎదురుబొదురు కాల్పులు జరిగిన రోజులెన్ని? చాలా తక్కువ. మిగతా రోజుల్లో మన్యం ఏం చేసింది? వంట చేసింది, సంతకి వెళ్ళింది, జ్వరాలు పడింది, విత్తనాలు దాచింది, పిల్లల్ని కంది. ఆ పనుల్లో ప్రతి ఒక్కదాని మధ్యలోకీ ఒక సిపాయి వచ్చి నిలబడ్డాడు. నువ్వు రాయాల్సిన కథ అదీ.

తిరుగుబాటు అణిచే పోలీసు ఆపరేషన్ అన్న మాట వినగానే దాడి అనుకుంటాం. చాలావరకు అది దాడి కాదు, తిండి లెక్క. అడవిలో యాభైమంది తిరుగుతున్నారంటే పూటకి యాభై ముద్దలు ఎక్కడో ఎవరో వండుతున్నారన్నమాట. యాభైమందిని పట్టుకోవడం కష్టం. వండే పొయ్యిని పట్టుకోవడం తేలిక. ఈ తెలివి మన దగ్గరే పుట్టలేదు, మన దగ్గరే ఆగలేదు. 1950లో మొదలుపెట్టి మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకి తిండి అందకుండా బ్రిటిష్ వాళ్ళు దాదాపు ఐదు లక్షల మందిని ముళ్ళకంచె వేసిన కొత్త ఊళ్ళలోకి తోలారు, ఎక్కువమంది చైనీయులు. ఆ ఊళ్ళ కోసం పెట్టిన నిబంధనల్లో ఒకటి నాకు ఎప్పటికీ మరుపురాదు. దుకాణంలో డబ్బా తిండి అమ్మితే, అమ్మేటప్పుడే ఆ డబ్బాకి చిల్లు పెట్టాలి. చిల్లు పడితే పాడైపోతుంది, దాచి అడవికి పంపలేరు. కొన్నిచోట్ల బియ్యం విడిగా అమ్మనే లేదు, ఒకేచోట వండి అన్నంగా పంచారు. పచ్చి బియ్యమైతే నెలలు దాచొచ్చు, అన్నం రేపటికి పులుస్తుంది. ఒక యుద్ధాన్ని పాసిన అన్నం మీద నడిపారు చూడు! నూరు బాంబుల వర్ణన కంటే ఆ చిల్లు డబ్బా నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

అక్కడి అడవి తెగలవాళ్ళని కూడా మొదట్లో అలాగే కిందికి దించి శిబిరాల్లో పెడితే, రోగాలతో చాలామంది పోయారు. అప్పుడు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మనుషుల్ని కోట దగ్గరికి తేవడం మానేసి, కోటనే అడవిలోకి తీసుకెళ్ళింది.

మన దేశంలో ఇది పెద్ద ఎత్తున జరిగింది మిజో కొండల్లో. అక్కడి కథ మొదలైంది కూడా తిండి దగ్గరే. 1959లో వెదురు పూసింది, ఎలుకలు పెరిగాయి, పంట పోయింది, కరువొచ్చింది. ఆ కరువులో సాయం చెయ్యడానికి పుట్టిన సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. అది ఆయుధాలు పట్టాక, 1966 మార్చి 5న అక్కడి ముఖ్యపట్టణం ఐజాల్ మీద మన విమానాలే కాల్పులు జరిపాయి. ఈ సంగతి తెలిసినవాళ్ళు దాన్నే చెప్తారు, చెప్పాల్సిందే. కానీ నన్నడిగితే అసలు దెబ్బ ఆ మరుసటి ఏడు జనవరిలో మొదలైంది. రోడ్డు పొడవునా ఉన్న వందకి పైగా ఊళ్ళని ఖాళీ చేయించి 18 చోట్ల గుంపుగా పెట్టారు. పేరు మాత్రం 'రక్షిత, ప్రగతిశీల గ్రామాలు'. సర్కారు పెట్టే పేర్ల మీద నీకు ఎప్పుడూ ఒక కన్నుండాలి. కొండ మీద పోడు ఎక్కడో, మనిషి పడుకునేది ఎక్కడో. పొద్దున గేటు తీసేదాకా ఆగాలి, సాయంత్రం గేటు మూసేలోగా రావాలి. పోడుకి రాత్రి కాపలా లేకపోతే పందులూ పక్షులూ వదలవు. పంట తగ్గింది, రేషన్ మీద పడ్డారు. సొంత ధాన్యం తిన్న జనం క్యూలో నిలబడటం నేర్చుకున్నారు. తూటా తగలకుండానే ఒక బతుకు అలా తీరు మారింది. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరి, తుపాకులు దిగాయి. అయితే గుంపులుగా పెట్టిన ఊళ్ళు చాలావరకు అలాగే ఉండిపోయాయి.

నీ నవల మన్యంలోనే ఉండాలి, మిజోరం వెళ్ళమని నా ఉద్దేశం కాదు. నీ కొండ మీద ఒక్క బియ్యం మూటని పట్టుకుని దాని వెంట నడువు అంటున్నాను. సంతలో ఎవరు కొన్నారు? చింతపండు, అడ్డాకులు అమ్మి ఎంత తెచ్చుకున్నారు? దారిలో ఎవరు ఆపారు? "ఇద్దరున్న ఇంటికి ఇంత బియ్యం ఎందుకు?" అన్న ప్రశ్నకి ఆ ఆడమనిషి ఏం చెప్పింది? ఈ ప్రశ్న 1923లో అడగొచ్చు, 2003లో అడగొచ్చు, మాటలు కూడా పెద్దగా మారవు. ఇంట్లో చుట్టాలొచ్చారని చెప్తే చుట్టాల పేర్లడుగుతారు. పేర్లు చెప్తే చిక్కు, చెప్పకపోతే చిక్కు. రాత్రి అవతలివాళ్ళు వచ్చి, "పొద్దున వాళ్ళతో ఏం మాట్లాడావు?" అంటారు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఒక నవల మొత్తం రాసుకోవచ్చు.

ఇక్కడ నిన్నొకటి అడగాలి. నీ కథలో 'ఇన్ఫార్మర్' ఒకడున్నాడు. వంకర నవ్వు, చేతిలో నోట్లు, తాగుడు. ఇది సినిమా. మన్యంలో కబురు అందించినవాళ్ళంతా డబ్బుకే చెయ్యలేదు. తగాదా పడ్డ పాలివాడి మీద కోపంతో చెప్పినవాడుంటాడు, కొడుకుని స్టేషన్‌లో పెట్టారు కాబట్టి చెప్పినవాడుంటాడు, ఇక చాలు ఈ గొడవ ఆగితే విత్తనాలు వేసుకుంటాం అనుకుని చెప్పినవాడుంటాడు. మూడోవాడిని రాయి. వాడు నీకు నచ్చకూడదు, కానీ వాడి మీద నీకు కోపం రాకూడదు. కష్టమే.

సిపాయిని కూడా నువ్వు సగమే చూశావు. మలబారు స్పెషల్ పోలీసు 1921 మాప్పిళ్ళ తిరుగుబాటు అణచడానికి పుట్టిన దళం. ఆ అలసట తీరకముందే వాళ్ళని మన ఘాటీల్లోకి తెచ్చారు. భాష రాదు, నీళ్ళు పడవు, మన్యం జ్వరం పట్టుకుంటుంది. దారి చూపడానికీ మూటలు మోయడానికీ మళ్ళీ కొండవాడే కావాలి. వెట్టి మీద తిరగబడ్డ ఊళ్ళో, ఆ తిరుగుబాటు అణచడానికి మళ్ళీ వెట్టి! దీన్ని నువ్వు వాడుకోలేదంటే ఆశ్చర్యంగా ఉంది. చలిజ్వరంతో వణుకుతున్న ఒక మలయాళీ కుర్రాడూ, వాడి మూట మోస్తున్న బగత తెగకి చెందిన ఒక కొండ కుర్రాడూ ఒక రాత్రి ఒకే రాతి కింద పడుకున్నారనుకో. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. నీ దగ్గర అరవై పేజీల కాల్పులున్నాయి, ఇలాంటి రాత్రి ఒక్కటీ లేదు.

కాల్పులు అసలు రాయొద్దా అంటావేమో. రాయి, కానీ వాన చూసుకుని రాయి. దామనపల్లి ఘాటీలో పోలీసు దొరలు స్కాట్ కవర్డ్, హేటర్ చనిపోయింది 1922 సెప్టెంబరు 24న. నువ్వేమో "కాళ్ళ కింద ఎండుటాకులు గలగలమన్నాయి" అన్నావు. సెప్టెంబరులో మన్యంలో ఎండుటాకులు ఎక్కడివి నాయనా? జలగలుంటాయి, బురద ఉంటుంది, మంచు దిగి పది గజాల అవతల మనిషి కనపడడు. ముందు నడుస్తున్న దేశీ పోలీసులని పోనిచ్చి, వెనక వస్తున్న దొరల్ని గురిచూశారంటారు. అంటే గురి పెట్టినవాడు ఎంతసేపు ఊపిరి బిగబట్టాలి! తనలాంటి నల్లమొహాలు ఒక్కొక్కటే తన ముందు నుంచి దాటిపోతుంటే వాడు చూస్తూ ఉన్నాడు. కాల్పుల కంటే ఆ దాటిపోవడమే పెద్ద ఘట్టం. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో తోసేశావు.

మాటల గురించి ఎక్కువ చెప్పను. సర్కారు కాగితాల్లో ఈ తిరుగుబాటుని 'ఫితూరీ' అంటారు, మనం 'పోరాటం' అంటాం. ఈ రెండిట్లో ఏది వాడినా ఒక వైపు నిలబడినట్టే, తెలిసి నిలబడితే చాలు. 'ఎదురుకాల్పుల్లో మృతి' లాంటి పత్రికల మాట మాత్రం కథకుడి నోట రానీయకు. పాత్ర అంటే అననీ.

రోడ్డు సంగతి ఒకటి మిగిలింది. నీ నవల రోడ్డుతో మొదలైంది గానీ తర్వాత దాన్ని మర్చిపోయావు. కొండల్లో రోడ్డుకి రెండు మొహాలు. ఒడిశా సరిహద్దులో బలిమెల జలాశయం కట్టాక అవతల ఉండిపోయిన ఊళ్ళకి ఏళ్ళ తరబడి పడవే దిక్కు. 2008 జూన్ 29న ఆ జలాశయంలోనే మావోయిస్టుల్ని వేటాడే పోలీసు దళం గ్రేహౌండ్స్ వెళ్తున్న లాంచీ మీద మావోయిస్టులు కాల్పులు జరపడంతో 38 మంది పోయారు. 2018లో ఆ ఊళ్ళకి దారిగా గురుప్రియ వంతెన తెరిచారు. ఆ వంతెన మీద అంబులెన్సూ వస్తుంది, క్యాంపూ వస్తుంది. పురిటి నొప్పులు పడుతున్న మనిషికి ఆ రెండోది గుర్తుండదు, గుర్తుండాలని అనడానికి మనమెవరం? అలాగే ప్రభుత్వం అంటే ఒకే మొహం అనుకోకు. శ్రీకాకుళంలో గిరిజన పోరాట నాయకులు సత్యం మాస్టారినీ కైలాసాన్నీ చంపింది 1970 జూలై 10న. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకుండా కట్టడి చేసిన 1/70 రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది అదే ఏడు ఫిబ్రవరి 3న. ఒకే సర్కారు, ఒకే సంవత్సరం. ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో పట్టా. తుపాకీ లేకపోతే పట్టా వచ్చేదా అని అడిగేవాళ్ళున్నారు, పట్టా ముందే ఇచ్చుంటే తుపాకీ ఎందుకనే వాళ్ళూ ఉన్నారు. నాకైతే రెండో మాటే సబబనిపిస్తుంది. నీ పాత్రలకి ఏది అనిపిస్తుందో వాళ్ళనే తేల్చుకోనీ.

నీ కట్ట తిరిగి పంపుతున్నాను. పెన్సిల్ గీతలు చాలా ఉన్నాయి, కంగారుపడకు. 112వ పేజీలో మాత్రం ఎర్ర ఇంకు వాడాను. సిపాయిలు గుడిసె సోదా చేస్తుంటే ఒక ముసలామె కుండ మీద మూత పెట్టి, దాని మీదే కూర్చుంటుంది. రెండు వాక్యాలు రాసి వదిలేశావు, ఆమెకి పేరు కూడా పెట్టలేదు. ఆ కుండలో ఏముందో నీకు తెలుసా? సామలా, చోళ్ళా, విత్తనాలా, ఇంకేదైనానా? తెలియకపోతే వానలు వెనకబట్టాక ఇటు రా. ఇద్దరం చింతపల్లి సంతకి వెళ్దాం. రెండు పూటలు అక్కడే కూర్చుని, ఎవరేం కొంటున్నారో చూద్దాం. నోటుబుక్కు సంచిలోనే ఉంచు.

ఉంటాను,
మీ మాస్టారు